డల్లాసుకి ఎన్ని గంటలు?

మొన్నామధ్య మా ఆఫీసులో ఒక కుర్రాడు వాళ్ల అక్క దగ్గరికి వెళ్తూ "అన్నా, హైదరాబాద్ నుంచి డల్లాసుకి ఎన్ని గంటలు పడుతుంది?" అనడిగాడు. గూగుల్ ని అడిగితే అర సెకనులో చెప్పేది. కానీ మా తమ్ముడు 2007 నుంచీ అక్కడే ఉంటున్నాడని తెలుసు కాబట్టి, నాకైతే నోటికి వచ్చి ఉంటుందని అడిగాడు. నిజమే, నోటికే వచ్చు. అయినా వెంటనే చెప్పలేకపోయాను. "ఎందుకడుగుతున్నావ్?" అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు. ఇంత చిన్న ప్రశ్నకి ఎదురు ప్రశ్న ఏంటని.

ఎందుకంటే ఈ ప్రశ్నకి నేనొకసారి తప్పు జవాబు చెప్పాను. అంకె తప్పు కాదు, అంకె సరైనదే. జవాబు తప్పు. అదేంటో చెప్తాను. కాస్త చుట్టూ తిరిగి వస్తాను, ఓపిక పట్టండి.

ముందు పుస్తకంలో లెక్క. శంషాబాద్ నుంచి డల్లాస్ విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గరి దారి గీస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 అనుకుంటే, ఎక్కడి నుంచైనా అత్యంత దూరం 20,000. అంటే మనవాళ్లు ఉండగలిగినంత దూరంలో నూటికి డెబ్బై పాళ్లు వెళ్లి కూర్చున్నారన్నమాట.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ దారి పడమరకి వెళ్లదు, తూర్పుకి వెళ్లదు. హైదరాబాద్ రేఖాంశానికీ డల్లాస్ రేఖాంశానికీ మధ్య 175 డిగ్రీల పైచిలుకు తేడా. దాదాపు భూమికి అవతలి పక్క. అందుకని దగ్గరి దారి నేరుగా ఉత్తరానికి, ఇంకా లెక్కగా చెప్పాలంటే ఉత్తరానికి ఐదు డిగ్రీలు పడమరగా బయల్దేరి, ఉత్తర ధ్రువానికి ఐదొందల కిలోమీటర్ల పక్క నుంచి పోయి, అవతలి వైపు దిగుతుంది. నమ్మకం లేకపోతే గ్లోబు మీద దారం పెట్టి చూడండి.

మా ఇల్లు కొత్తపేటలో. దిల్‌సుఖ్‌నగర్ కీ ఎల్బీనగర్ కీ మధ్యన. ఒకరోజు సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తూ అమ్మ "చిన్నోడుండేది ఏ దిక్కురా?" అంది. పడమర అంటాననుకుంది పాపం, ఎందుకంటే శంషాబాద్ నైరుతి వైపు ఉంది, వాడు ఎప్పుడూ అటే వెళ్తాడు. నేను రామంతాపూర్ వైపు చెయ్యి చూపించాను. "ఉత్తరమా?" అంది. "ఉత్తరమే." కాసేపు అటే చూసి, "తల పెట్టి పండుకోనీకి పనికిరాని దిక్కు గదరా అది" అని బట్టలు తీసుకుని కిందికి వెళ్లిపోయింది. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.

సరే, కిలోమీటర్లు అయ్యాయి. ఇప్పుడు గంటలు.

దూరం తెలిస్తే వేగంతో భాగించి గంటలు చెప్పేయొచ్చని ఏడో తరగతిలో చెప్పారు. విమానాల విషయంలో ఇది సగమే నిజం. ఒక మంచి ఉదాహరణ ఉంది. ఎయిర్ ఇండియా 2015 డిసెంబర్ లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి నేరుగా విమానం మొదలుపెట్టింది. మొదట్లో అది అట్లాంటిక్ మీదుగా పోయేది, 13,900 కిలోమీటర్ల దారి. 2016 అక్టోబర్ లో దాన్ని తిప్పి పసిఫిక్ మీదుగా నడిపారు. దారి 15,300 కిలోమీటర్లు అయింది. పద్నాలుగు వందల కిలోమీటర్లు పెరిగింది కదా, సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకి వచ్చింది. కారణం గాలి. పైన పడమర నుంచి తూర్పుకి వీచే గాలివాటు వెనక నుంచి తోస్తుంటే దూరపు దారే దగ్గరి దారి. మన వాళ్లు అమెరికా నుంచి వచ్చేటప్పుడు ఒక లెక్క, వెళ్లేటప్పుడు ఒక లెక్క చెప్పేది కూడా అందుకే.

హైదరాబాద్ నుంచి అమెరికాకి నేరుగా విమానం కూడా కొంతకాలం ఉండేది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగోకి వేసింది, 13,300 కిలోమీటర్లకి ఓ ఇరవై తక్కువ. తర్వాత ఆగిపోయింది. డల్లాసుకైతే ఎప్పుడూ లేదు. కాబట్టి దుబాయ్ మీదుగానో, దోహా మీదుగానో, యూరప్ మీదుగానో పోవాల్సిందే. దుబాయ్ మీదుగా అయితే ఇక్కణ్ణుంచి నాలుగు గంటలు, అక్కణ్ణుంచి పదహారు. మొత్తం ఇరవై. మధ్యలో మారడానికి రెండు గంటలు వేసుకుంటే ఇరవై రెండు.

నేను చెప్పిన తప్పు జవాబు ఇదే. ఇరవై రెండు.

అసలు ఈ తప్పు మా ఇంట్లో ఎవరూ చెయ్యకూడదు. ఎందుకంటే మా నాన్న ఆర్టీసీలో పనిచేశాడు. చివరి పదేళ్లు దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో కంట్రోలర్. మా సొంతూరు సూర్యాపేట దగ్గర. నాలుగు లైన్ల రోడ్డు పడకముందు, ప్యాసింజర్లు వచ్చి "సార్, సూర్యాపేటకి ఎంతసేపు?" అంటే, బస్సు మూడు గంటల్లో పోతుందని తెలిసీ "నాలుగున్నర" అనేవాడు. చిన్నప్పుడు నేను పక్కన కూర్చుని ఉంటే నాకు సిగ్గేసేది, నాన్నకి తన బస్సు సంగతే తెలియదేంటని. ఒకసారి అడిగాను కూడా. అప్పుడు చెప్పాడు: "బస్సు ఎంతసేపు పోతదని ఎవ్వడు అడుగడురా. ఇంటికాడ ఎప్పుడుంట అని అడుగుతడు. నువ్వు బస్సు లెక్క చెప్తే, ఆడ కూసున్నోళ్లు గంటన్నర ఊకెనే గాబరా పడతరు."

ఆ తర్వాత నేను ఇంజనీరింగ్ చదివి, దిల్‌సుఖ్‌నగర్ లోనే ఒక ఇన్‌స్టిట్యూట్ లో జావా నేర్చుకుని, సాఫ్ట్‌వేర్ లో చేరి, ఎస్టిమేషన్ మీద మూడు ట్రైనింగులు తీసుకున్నాను. ఆ మూడింటిలో చెప్పిందంతా నాన్న ఆ రెండు మాటల్లో చెప్పాడు. కాకపోతే నాన్న సర్టిఫికెట్ ఇవ్వలేదు :)

దూరం గురించి ఇంకో అనుభవం చెప్పి అసలు విషయానికొస్తాను. మ్యాపు మీద స్కేలు పెట్టి గీస్తే ఎల్బీనగర్ నుంచి హైటెక్ సిటీ 21 కిలోమీటర్లు. మెట్రో రాకముందు అది పొద్దున రెండు గంటలు, సాయంత్రం దేవుడి దయ. (ఎల్బీనగర్ దాకా మెట్రో 2018 సెప్టెంబర్ లో వచ్చింది, హైటెక్ సిటీకి 2019 మార్చిలో. ఇప్పుడు అమీర్‌పేటలో మారితే గంటకి కాస్త అటూ ఇటూ.) ఆ రోజుల్లో తమ్ముడు ఫోన్ చేసి "నువ్వు అదృష్టవంతుడివన్నా, నాన్న దగ్గరే ఉన్నావ్" అంటే నాకు ఒళ్లు మండేది. నేను లేచేసరికి నాన్న వాకింగుకి పోయేవాడు, ఇల్లు చేరేసరికి పడుకునేవాడు. వాడే వారానికి రెండుసార్లు వీడియోలో గంటేసి మాట్లాడేవాడు.

2013 ఫిబ్రవరి 21. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సాయంత్రం ఏడు గంటలప్పుడు దిల్‌సుఖ్‌నగర్ లో బాంబులు పేలాయి, బస్టాపుల దగ్గర. నాన్న రిటైరయ్యాక కూడా రోజూ సాయంత్రం ఆ బస్టాండు దాకా నడిచి వెళ్లి, పాత దోస్తులతో చాయ్ తాగి ఎనిమిదింటికి వచ్చేవాడు. నేను ఆ టైములో హైటెక్ సిటీలో మీటింగులో ఉన్నాను. నాకు విషయం చెప్పింది మా ఆఫీసు వాళ్లు కాదు, తమ్ముడు. వాళ్లకి అప్పుడు పొద్దున ఏడున్నర. ఆఫీసుకి తయారవుతూ ఇంటర్నెట్ లో తెలుగు వార్తలు పెట్టుకున్నాడు. "అన్నా, నాయిన ఏడున్నడు?" అన్నాడు. నేనింకా "ఏమైందిరా" అనే అంటున్నాను.

తర్వాత ఇంటికి ఫోన్ చేస్తే కలవదు. నాకూ కలవలేదు, వాడికీ కలవలేదు. నెట్‌వర్క్ అంతా జామ్. నేను బయల్దేరి ఇల్లు చేరేసరికి పదిన్నర దాటింది. ఆ రోజు అమ్మకి జ్వరంగా ఉందని నాన్న అసలు గడప దాటలేదు. గుమ్మంలో నిలబడి "ఎందుకంత ఉరుకొచ్చినవ్, అన్నం తిన్నవా" అన్నాడు. ఆ మూడు గంటలూ నాకూ తమ్ముడికీ దూరం ఒకటే. 21 కిలోమీటర్లూ ఒకటే, 14,400 కిలోమీటర్లూ ఒకటే.

కానీ ఒక్క తేడా ఉంది. నేను పదిన్నరకైనా చేరాను.

ఇక అసలు సంగతి.

2016 జనవరిలో ఒక మంగళవారం తెల్లవారుజామున 4 గంటల 10 నిమిషాలకి తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికి సోమవారం సాయంత్రం 4:40. ఆఫీసులో ఉన్నాడు. నాన్న నిద్రలోనే పోయాడు. గుండె ఆగిందన్నారు. ఫోన్లో ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయలేను. చివర్లో "నేనొస్తున్నా అన్నా, నేనొచ్చేదాక.." అన్నాడు. "సరే" అన్నాను.

ఐదింటికల్లా చుట్టాలు మొదలయ్యారు. పెదనాన్న సూర్యాపేట నుంచి బయల్దేరుతూ ఫోన్లో అడిగాడు: "చిన్నోడు వస్తుండా? ఎన్ని గంటలైతది ఆడికెల్లి?"

"ఇరవై రెండు గంటలు పెదనాయిన. రేపు పొద్దుగాల్లకి వచ్చేస్తడు."

ఎంత ధీమాగా చెప్పానో ఇప్పటికీ నా గొంతు నాకు వినిపిస్తుంది. ఆ ఒక్క అంకె మీద అందరూ అన్నీ కట్టుకున్నారు. బుధవారం పదకొండింటికి తీసుకెళ్లాలని అయ్యగారితో మాట్లాడారు. ఊరి నుంచి రెండు కార్లు, ఒక వ్యాను మాట్లాడుకున్నారు. అమ్మ పక్కింటావిడతో "ఒక్క రాత్రే గద" అంది.

అందరిలోకీ లెక్క తెలిసినవాడు ఒక్కడే వచ్చాడు. ఫ్రీజర్ బాక్స్ తెచ్చినతను. "ఎన్ని రోజులకి సార్?" అన్నాడు. "ఒక్క రోజు" అన్నాను. "ఎవరన్న రావాల్నా సార్?" "తమ్ముడు. అమెరికా నుంచి." అతను రసీదు పుస్తకం తీసి, తల ఎత్తకుండానే, "రెండు రోజులు రాస్తున్న సార్. ముందే ఐపోతే పైసలు వాపస్ ఇస్త" అన్నాడు. నాకు కోపం వచ్చింది. బేరం పెంచడానికి అంటున్నాడనుకున్నాను. అతనేమో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, వనస్థలిపురం ఇళ్లలో ఎన్ని కేసులు చూశాడో ఆ లెక్క చెప్పాడు. నేను వెబ్‌సైట్ లో చూసిన లెక్క చెప్పాను.

జరిగింది ఇది. ఆ రాత్రి డల్లాస్ నుంచి గల్ఫ్ వైపు సీటు దొరకలేదు. దొరికింది మర్నాడు పొద్దున 9:30కి, షికాగో మీదుగా. అంటే నేను ఫోన్ చేసిన పదిహేడు గంటల తర్వాత వాడు ఎక్కిన మొదటి విమానం నేల విడిచింది. షికాగోలో మంచు. రెక్కల మీద మంచు తీసి బయల్దేరేసరికి రెండు గంటలు ఆలస్యం, అక్కడ మొత్తం ఆరు గంటలు. ఆ ఆలస్యం వల్ల జర్మనీలో తర్వాతి విమానం వెళ్లిపోయింది. ఇంకోటి ఎక్కేదాకా ఐదున్నర గంటలు. గల్ఫ్ లో రెండున్నర. శంషాబాద్ లో దిగి, ఇమిగ్రేషన్ లైను దాటి, చాంద్రాయణగుట్ట మీదుగా కొత్తపేట చేరడానికి రెండు.

గురువారం పొద్దున పదింటికి వాడు గుమ్మంలో కాలు పెట్టాడు.

తర్వాత ఒకరోజు కూర్చుని లెక్క వేశాను. అలవాటు, ఏం చెయ్యను. గాలిలో ఉన్నది 21 గంటలు. రెండున్నర, ఎనిమిదిన్నర, ఆరున్నర, మూడున్నర. చూశారా, నేను చెప్పిన ఇరవై రెండుకి ఒక గంట తక్కువే! నేల మీద గడిచింది 33 గంటలు. మొత్తం 54. అంటే నేను ఇచ్చిన జవాబు విమానానికి సరిపోయింది, మనిషికి సరిపోలేదు. నాన్న చెప్పిన బస్సు లెక్కే ఇది.

ఈ 54 గంటల్లో మా ఇంట్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా. మా వైపు దహనం అయ్యేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించరు. పిల్లలకి పక్కింటివాళ్లు పెట్టారు. అమ్మ మాత్రం మంగళవారం పొద్దుటి నుంచి చాయ్ తప్ప ఏమీ ముట్టలేదు. అమ్మకి షుగర్ ఉంది. ఒక్క రోజే కదా అని మేము కూడా గట్టిగా అనలేదు. బుధవారం మధ్యాహ్నం జర్మనీ నుంచి ఫోన్ వచ్చాక, "ఇంకో రాత్రి" అని చెప్పాల్సింది నేనే. పెదనాన్న నన్ను పక్కకి పిలిచి "ఒక్క రాత్రి అన్నవ్ గదరా" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. వచ్చిన వ్యాను ఖాళీగా ఉండలేక ఊరికి తిరిగి వెళ్లిపోయింది, అందులో నాన్న చిన్ననాటి దోస్తులు నలుగురు. వాళ్లు కడసారి చూపు చూశారు గానీ సాగనంపలేకపోయారు.

బుధవారం అర్ధరాత్రి దాటాక రెండింటికి అమ్మ బాక్స్ పక్కన కూర్చున్నదల్లా ఒరిగిపోయింది. షుగర్ పడిపోయింది. కింది పోర్షన్ లో ఉండే నర్సు అమ్మాయి పరిగెత్తుకొచ్చి చూసింది కాబట్టి సరిపోయింది. ఆ అరగంట నేను పడ్డది నాకు తెలుసు. ఇంకో పక్క బల్ల మీద ల్యాప్‌టాప్ లో వీడియో పెట్టే ఉంది, తమ్ముడు విమానం ఎక్కే ముందు దాకా అందులోనే ఉన్నాడు. మన వాళ్లకి తెలిసిందే కదా, ఫైబర్ లో వెలుతురు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. డల్లాసుకి పోయి రావడానికి సిద్ధాంతంలో 144 మిల్లీసెకన్లు, మన సర్వర్లకి పింగ్ చేస్తే పావు సెకను దాకా. వాడి ఏడుపు మాకు పావు సెకనులో వినిపిస్తోంది. ఆ పావు సెకనుకి అలవాటు పడి, పద్నాలుగు వేల కిలోమీటర్లు అన్న సంగతే మర్చిపోయాం మేమందరం. మర్చిపోవడమే అసలు తప్పు అనిపిస్తుంది.

వాడు వచ్చాడు. నాన్న దగ్గర నలభై నిమిషాలు కూర్చున్నాడు. తలకొరివి నేను పెట్టాను, ఎలాగూ పెద్దకొడుకే పెట్టాలి. అంటే శాస్త్రం ప్రకారం చూసినా ఎవరికోసమూ ఆగాల్సిన పని లేదు. ఆగింది వాడి కోసం. ఆగొద్దని నేననడం లేదు. ఆ నలభై నిమిషాలు వాడికి ఎంత విలువైనవో నాకు తెలుసు. నేననేది, 54 గంటలకి ఆ నలభై నిమిషాలు అన్న బేరం అమ్మ ముందు పెట్టి, ఆవిడని అడిగి ఉండాల్సింది. ఆవిడ సరే అంటే అన్నం తినిపించి, మందులు ఇచ్చి, ఊరివాళ్లకి గురువారం రమ్మని చెప్పి ఆగేవాళ్లం. నేను 22 అని చెప్పి ఆవిడకి ఆ నిర్ణయం తీసుకునే వీలే లేకుండా చేశాను.

తమ్ముడు ఆ తర్వాత ఐదు వారాలు ఉండిపోయాడు. వీసా స్టాంపింగ్ అయిపోయి ఉంది, మళ్లీ వేయించుకుంటే గానీ తిరిగి వెళ్లలేడు. రావడం గంటల్లో, పోవడం వారాల్లో. అప్పట్లో కాన్సులేట్ బేగంపేటలో ఉండేది. వీసా పని అయిపోయిన రోజు సాయంత్రం ఇద్దరం డాబా మీద కూర్చున్నాం. "జర్మనీలో ఆ ఐదున్నర గంటలు కుర్చీలో కూర్చున్నా అన్నా. మీరంతా నా గురించి చూస్తున్నరని తెలుసు. ఎయిర్‌పోర్టులో ఎవరెవరో నవ్వుకుంటూ చాక్లెట్లు కొంటున్నరు. ఆగొద్దు అని చెప్దామని మూడుసార్లు ఫోన్ తీసిన. చెప్పలేకపోయిన" అన్నాడు. "నేను కూడా ఆగలేమని చెప్దామని రెండుసార్లు తీశాను" అన్నాను. ఇద్దరం చెప్పాలనుకున్నది ఒకటే, చెప్పుకోలేదు.

మా మాటలు అమ్మ విన్నదో ఏమో తెలియదు. వాడు వెళ్లే ముందు రోజు భోజనాల దగ్గర ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. మా వైపు తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు కొరివి పెట్టాలంటారు. "నాకు చిన్నోడే పెట్టాల్నని లేదు. దగ్గరున్నోడు పెట్టాలె. ఒక్క పొద్దు చూడుండ్రి, అంతే. పొద్దుమూకినాక ఉంచొద్దు. చిన్నోడా, నువ్వు నేను బతికుండంగనే రా. అప్పుడు నాలుగు ముద్దలు తింటవ్, నేను చూస్త." వాడు పళ్లెంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. అప్పట్నుంచి వీలైనంతవరకు ఏడాదికోసారి వస్తున్నాడు.

2020లో ఆ వీలు కూడా పోయింది. మార్చి 23 నుంచి అంతర్జాతీయ విమానాలు ఆపేశారు. తర్వాత వందేభారత్ విమానాలనీ, ఎయిర్ బబుల్ అనీ కొన్ని నడిచాయి గానీ, మామూలు సర్వీసులు మళ్లీ మొదలైంది 2022 మార్చి 27న. లాక్‌డౌన్ లో ఒకరోజు అమ్మ "ఇప్పుడు రావాల్నంటే వానికి ఎన్ని గంటలైతదిరా?" అంది. "తెలియదమ్మా" అన్నాను. నాకు వేరే జవాబు లేదు. ఆవిడ నవ్వి, "నీ ఇరవై రెండు గంటల కన్న ఇదే నయం" అంది. నాలుగేళ్లు లోపల పెట్టుకున్న మాట, నవ్వుతూ అనేసింది. నాకు ఒక బరువు దిగినట్టయింది.

మొన్న 2025 సెప్టెంబర్ లో కూడా ఇదే లెక్క ఇంటింటా నడిచింది. 19న అమెరికా అధ్యక్షుడు హెచ్1బి మీద లక్ష డాలర్ల ఫీజు అని సంతకం పెట్టాడు, 21 నుంచి అమలు అన్నారు. సెలవుకి ఇండియా వచ్చినవాళ్లని వెంటనే తిరిగి రమ్మని చాలా కంపెనీలు మెయిళ్లు పంపాయి. చేతిలో ఉన్నది ఒక రోజు, గాలిలోనే ఇరవై గంటలు. తర్వాత అది కొత్త దరఖాస్తులకే అని వివరణ ఇచ్చారనుకోండి. కానీ ఆ ఒక్క రాత్రి, పండక్కి వచ్చి అమ్మ చేతి భోజనం తినాల్సినవాళ్లు ఎంతమంది టికెట్ల కోసం ఫోన్లు పట్టుకు కూర్చున్నారో.

ఈ టపా చదివేవాళ్లలో సగం మంది మా తమ్ముడి వైపు ఉంటారు, సగం మంది నా వైపు. ఇద్దరికీ ఒకటే చెప్తాను. ప్రాజెక్టులో మూడు వారాల పనికి రిస్క్ ప్లాన్ రాస్తాం, బ్యాకప్ మనిషి ఎవరో పేరు పెడతాం. ఇంట్లో మాత్రం అశుభం అని నోరెత్తం. పెద్దవాళ్లతో ఒకసారి కూర్చుని అడగండి. ఎంతసేపు ఆగాలి, ఆగొద్దా, ఎవరు చెయ్యాలి, ఆ మాట ఎవరు చెప్పాలి. వాళ్లు మనమనుకున్నంత భయపడరు. మా అమ్మ అయితే భోజనాల దగ్గర పప్పు వడ్డిస్తూ తేల్చేసింది. అమెరికాలో ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, వీసా గడువులు చూసుకుని, ఏ రాత్రైనా బయల్దేరాల్సి వస్తే ఎలాగో ముందే అనుకోండి. ఇక్కడున్నవాళ్లు ఎవరైనా "ఎన్ని గంటలు?" అంటే ఎందుకడుగుతున్నారో ముందు కనుక్కోండి.

పోయిన ఆదివారం తమ్ముడు వచ్చి వెళ్లాడు. కారు ఎక్కాక అమ్మ గేటు దగ్గర నిలబడి ఎప్పటిలాగే అడిగింది, "ఎన్ని గంటలకి చేరతడు?" గాలిలో ఇరవై. ఎయిర్‌పోర్టులు, మధ్యలో మారడం, రెండు వైపులా రోడ్డు కలిపి ముప్పై రెండు. అదంతా మనసులో లెక్క వేసుకుని, "నలభై అనుకో అమ్మా" అన్నాను.

వాడు ముప్పై ఒకటో గంటకి ఇంట్లోంచి ఫోన్ చేశాడు. అమ్మ ఫోన్ పెట్టేసి, పక్కింటావిడని కేకేసి చెప్పింది: "మా చిన్నోడు చేరిండు. తొమ్మిది గంటలు ముందే చేరిండు!"

ఇంతకీ మా ఆఫీసు కుర్రాడు ఎందుకడిగాడంటే, విమానంలో చూడ్డానికి ఎన్ని సినిమాలు డౌన్‌లోడ్ చేసుకోవాలా అని. ఇరవై గంటలు అని చెప్పాను.